త్రోవచూపు శునకముల చరిత్ర

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున సంచికకొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. దేవాలయ శాసనములను గూర్చియు, రాజుల దండయాత్రలను గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులైన పెద్దలు మన చుట్టుప్రక్కల గ్రామములలో పెక్కురు గలరు. నేను లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను. తీరికవేళలందు భారత రామాయణములను గురువు లేకయే చదువుకొన్నవాడను. కావున రాజుల చరిత్రను పెద్దలకు విడిచి, ఒక సేవకుని చరిత్రను ఎత్తుకొనుచున్నాను. ఆ సేవకుడు జీతము పుచ్చుకొనడు, మాటాడడు, తన యజమాని కన్నులు లేనివాడని చులకన చేయడు. అతడే శునకము. చూపులేనివారిని నడపుటకై శునకములను ఎట్లు ఎన్నుకొనిరో, ఎట్లు నేర్పిరో, అందుకు లోకము ఎట్లు సమ్మతించెనో చెప్పుటయే నా ఉద్దేశము.

ఈ సముద్రపుటొడ్డున మనకు ఈ ప్రస్తావన యేలయని పాఠకులు అడుగవచ్చును. కారణము కలదు. మన పల్లెలలోను పట్టపుపాలెములలోను చూపుపోయిన ముదుసలి గడప దాటవలెనన్న ఒక కర్ర కావలెను. ఆ కర్ర రెండవ కొన పట్టుకొని ముందు నడచుటకు ఒక మనుమడో మనుమరాలో కావలెను. ముదుసలి ఆసుపత్రికి పోవునాడు ఆ బిడ్డ బడికి పోదు. బ్యాంకునకు పోవునాడు పోదు. పొరుగూరి పెండ్లికి పోవునాడును పోదు. నెలకు 4 దినములు ఇట్లు గడచినచో ఏడాదికి 48 దినములు. ఒకరి కన్నులు పోయిన ఇంట మరియొకరి చదువు కూడ పోవుచున్నదన్నమాట. ఆ ముదుసలికి మాత్రము ఇది సుఖమా? ఎక్కడికి పోవలెనన్నను ఒకరిని బ్రతిమాలుకొనవలె ననియే పెక్కుమంది అసలు కదలుటయే మానివేసి అరుగుమీద కూర్చుందురు.

అంధుని నడక ఎంత పరాధీనమో మన కవులు ఎరుగనిది కాదు. భారతమున ధృతరాష్ట్రుడు అడవికి బయలుదేరిన తీరును తలచుకొనుడు. ముందు కుంతి నడచినది. ఆమె భుజముపై చేయి వైచి, కన్నులకు గంత కట్టుకొన్న గాంధారి నడచినది. గాంధారి భుజముపై చేయి వైచి కురురాజు నడచెను. నూరుగురు కొడుకులను కన్నవానికి, ఏనుగులను గుఱ్ఱములను ఏలినవానికి కడపట మిగిలిన ఆధారము ఇది. తుదకు అడవిలో కార్చిచ్చు చుట్టుముట్టగా తప్పించుకొనిపోవు శక్తి లేక ఆ మువ్వురును అందే ఆహుతియైరి. అయోధ్యాకాండమున దశరథుని బాణమునకు కూలిన మునికుమారుడు తన అంధులైన తల్లిదండ్రులకు కన్నును కాలును తానేయై యుండెను. కొడుకు పోగానే వారును పోయిరి. రెండు కథలలోను సత్యమొక్కటే. అంధుని బ్రతుకు ఒక్క మనుష్యునిపై మాత్రమే ఆధారపడినచో, ఆ మనుష్యునికి కీడు మూడిననాడు అంధుని బ్రతుకు కూడ ముగియును.

ఇక శునకము మాట. ఋగ్వేదమునందే సరమ యను దేవశుని కలదు. పణులు దాచిన గోవుల జాడను కనిపెట్టి ఇంద్రునికి మేలు చేసినది ఆమెయే. భారతపు ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు యాగశాలకు వచ్చిన సరమ కొడుకును, హవిస్సును ముట్టనైన ముట్టనిదానిని, నిష్కారణముగ కొట్టిరి. తల్లి వచ్చి న్యాయమడిగినది. బదులు రాకపోగా శపించి వెడలిపోయినది. రామాయణపు ఉత్తరకాండమున ప్రక్షిప్తముగ చేరిన కథలో తల పగిలిన కుక్కయొకటి రాముని వాకిట నిలిచి, లోనికి వచ్చుటకు అనుజ్ఞ వేడినది. రాముడు దానిని సభకు పిలిపించి దాని మొర వినెను. మహాప్రస్థానిక పర్వమున హస్తినాపురమునుండి వెంటవచ్చిన కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడనెను. విడువనని ధర్మరాజనెను. ఆ కుక్కయే ధర్మదేవతయని తుదకు తేలినది.

ఈ మహాప్రస్థానికమును తెనిగించిన తిక్కన సోమయాజి మన నెల్లూరివాడని వేరుగ చెప్పనక్కరలేదు. 13వ శతాబ్దమున మనుమసిద్ధి కొలువున మంత్రియై, విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను తెలుగు చేసిన మహనీయుడు ఆయన. పై మూడు కుక్కల కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక విశేషము తోచును. మూడింటను తగవు ఒక్కటే: కుక్కను లోనికి రానిత్తురా, లేదా? మొదటిది యాగశాల వాకిలి, రెండవది రాజసభ వాకిలి, మూడవది స్వర్గపు వాకిలి. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. త్రోవచూపు శునకముల చరిత్రయంతయు తుదకు ఈ వాకిలి దగ్గరికే వచ్చి నిలుచును. ఇకపోతే, పై కథలలో విశ్వాసముగల కుక్కయు కలదు, ఆధారము లేని అంధుడును కలడు. కాని ఇరువురును ఒక త్రోవన కలిసికొనలేదు. ఆ కలయిక ఎట్లు జరిగెనో చూచుటకు మనము సముద్రము దాటి పోవలెను.

ఇటలీ దేశమున క్రీ.శ. 79వ సంవత్సరమున అగ్నిపర్వతము బ్రద్దలై పాంపేయి యను పట్టణము బూడిదలో పూడిపోయెను. తరువాత త్రవ్వి తీసిన ఒక ఇంటి గోడమీద, కర్ర చేబూనిన అంధుడొకడు కుక్క వెంట అంగడివీథిలో నడచుచున్నట్లు తోచు చిత్రము కనబడినది. అనగా ఈ ఊహ రెండువేల యేండ్ల నాటిది. అయినను అది ఎవరి కుక్కను వారు మచ్చిక చేసికొన్న పనియే గాని ఒక విద్య కాలేదు. పారిస్ నగరమున 13వ శతాబ్దమున తొమ్మిదవ లూయీ రాజు 300 మంది అంధుల కొరకు కట్టించిన ఆశ్రయమొకటి కలదు. సుమారు 1780 ప్రాంతమున ఆ అంధులు కుక్కలకు క్రమముగ నేర్పి వెంట తీసికొని తిరుగుచుండిరి. వియన్నా నగరమున జల్లెడలు చేసి బ్రతుకు యోసెఫ్ రైసింగర్ అను అంధుడు 1788 ప్రాంతమున తన కుక్కకు ఎంత చక్కగ నేర్పెనన, ఇతడు నిజముగ గ్రుడ్డివాడేనా యని జనులు సందేహించిరట.

ఆ వియన్నాలోనే అంధవిద్యాలయమును స్థాపించిన యోహాన్ విల్హెల్మ్ క్లైన్ 1819లో అంధుల బోధనకొక గ్రంథము వ్రాసెను. కుక్క మెడకు మెత్తని పలుపు కట్టినచో చాలదు, గట్టి కడ్డీ యొకటి బిగింపవలెనని అందు ఆయన వివరించెను. ఇది చిన్నమాటగ తోచవచ్చును. కాని కీలకమంతయు ఇందే కలదు. పలుపు వదులైనప్పుడు కుక్క ఏమి చేయుచున్నదో పట్టుకొన్నవానికి తెలియదు. గట్టి కడ్డీ యైనచో కుక్క ఆగినను, ప్రక్కకు తొలగినను, మెట్టు ఎక్కినను ఆ కదలిక తత్క్షణము చేతికి తెలియును. నాగలి మేడి పట్టిన రైతుకు కఱ్ఱుక్రింది నేల ఎట్టిదో చేతిలోనే తెలిసినట్లు ఇది. నేడు ఈ శునకముల వీపునకు బిగించు పట్టెడకు గట్టి పిడి యుండుట ఈ కారణముచేతనే. 1847లో యాకోబ్ బిరర్ అను స్విట్జర్లాండు దేశపు అంధుడు తాను స్వయముగ నేర్పుకొన్న కుక్క వెంట అయిదేండ్లు తిరిగిన అనుభవమును గ్రంథముగ ప్రకటించెను. ఇన్ని జరిగినను ఈ విద్య గ్రంథములలోనే నిలిచిపోయినది.

దానిని వీథిలోనికి తెచ్చినది యుద్ధము. 1914లో మొదలైన ప్రపంచయుద్ధమున తుపాకిగుండ్లకును విషవాయువులకును చూపు కోల్పోయిన జర్మను సైనికులు వేలకొలది ఇండ్లకు మరలిరి. గెర్హార్డ్ స్టాలింగ్ అను వైద్యుడు ఒకనాడు చూపుపోయిన రోగియొకనితో ఆసుపత్రి ఆవరణమున నడచుచుండగా ఎవరో పిలిచినందున తన కుక్కను అతని కడ విడిచి పోయెననియు, మరలి వచ్చి చూచునప్పటికి ఆ కుక్క రోగిని కనిపెట్టుకొని యున్నట్లు తోచెననియు చెప్పుదురు. ఆయన ఓల్డెన్‌బర్గ్ పట్టణమున 1916 ఆగస్టులో త్రోవచూపు శునకములకై లోకమున మొదటి శిక్షణాలయమును తెరచెను. దానికి పెక్కు శాఖలేర్పడెను. అది 1926లో మూతపడినను, అంతకుముందే 1923లో పోట్స్‌డామ్ నగరమున మరియొకటి వెలసినది. అందు ఒకేసారి దాదాపు 100 కుక్కలకు శిక్షణ జరుగుచుండెడిది.

ఆ పోట్స్‌డామ్ శిక్షణాలయమును చూచి ఆశ్చర్యపడినవారిలో డొరతీ హారిసన్ యూస్టిస్ అను అమెరికా వనిత యొకతె. ఆమె స్విట్జర్లాండులో నుండి జర్మన్ షెపర్డ్ జాతి కుక్కలను పెంచి, పోలీసులకును సైన్యమునకును తయారుచేయుచుండెను. తాను చూచినదానిని 1927 నవంబరులో అమెరికా పత్రికయొకదానికి వ్యాసముగ వ్రాసినది. టెనెసీ రాష్ట్రమునందలి నాష్‌విల్ నివాసి మారిస్ ఫ్రాంక్ అను యువకునికి ఆయన తండ్రి ఆ వ్యాసము చదివి వినిపించెను. ఈతడు ఒక కన్ను ఆరవ యేట, రెండవ కన్ను పదునారవ యేట పోగొట్టుకొన్నవాడు. తనకొక కుక్కను ఇచ్చినచో, తాను వచ్చి నేర్చుకొని, స్వదేశమున ఇతర అంధులకును నేర్పెదనని ఆమెకు జాబు వ్రాసెను.

ఆ యువకుని ప్రయాణమును గూర్చిన సంగతి యొకటి చెప్పదగియున్నది. 1928లో ఆతడు ఐరోపాకు పోవునప్పుడు అంధుడొంటరిగ ప్రయాణింపరాదని ఒక రవాణా సంస్థకు అతనిని పార్సెలు వలె అప్పగించిరి. ఓడలో అతనిని గదిలో పెట్టి తాళము వేయుచుండిరి. తిరిగి వచ్చునప్పుడు బడ్డీ యను కుక్క పట్టెడ పట్టుకొని తన కాళ్ళమీద తాను వచ్చెను. న్యూయార్కు రేవున దిగగానే విలేఖరులు చూచుచుండగా, బండ్లతో క్రిక్కిరిసిన విశాలమైన వీథిని బడ్డీ వెంట దాటి, యూస్టిస్ అమ్మగారికి ‘విజయము’ అను ఒక్క మాటతో తంతి పంపెను. కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదవచ్చునా యని మనవారి సామెత. కుక్క పట్టెడ పట్టుకొని న్యూయార్కు వీథిని దాటవచ్చునని ఆనాడు తేలినది. 1929 జనవరి 29వ తేదీన వారిరువురును కలిసి నాష్‌విల్‌లో ‘సీయింగ్ ఐ’ అను సంస్థను స్థాపించిరి. అది నేటికిని న్యూజెర్సీలో నడచుచున్నది.

ఇంగ్లండులో మ్యూరియల్ క్రూక్, రోజమండ్ బాండ్ అను ఇరువురు స్త్రీలు 1931లో వాలసీ పట్టణమున అద్దెకు తీసికొన్న చిన్న బండిసాలలో పని మొదలుపెట్టిరి. జూడీ, ఫ్లాష్, ఫాలీ, మెటా అను నాలుగు కుక్కలు ఆ యేడు నలుగురు అంధులకు చేతికందెను. జపాను దేశమున షియోయా కెనిచి శిక్షణ యిచ్చిన చాంపీ యను కుక్క 1957లో ఆ దేశపు మొదటి స్వదేశీ త్రోవచూపు శునకమయ్యెను. ఇవి యన్నియు ధనికప్రభువుల కట్టడలు కావు. ఇరువురో మువ్వురో మనుష్యులు పట్టుదలతో మొదలుపెట్టినవే యని గమనింపదగును. మన గ్రంథాలయములు పుట్టిన తీరును ఇట్టిదే గదా.

ఇక ఎన్నిక. ఎద్దును కొనునప్పుడు మన రైతులు సుడి చూతురు, పండ్లు పట్టి చూతురు, నడిపించి చూతురు. గుఱ్ఱముల లక్షణములకు మన పూర్వులు శాస్త్రములే వ్రాసిరి. త్రోవచూపు శునకమునకు కావలసిన లక్షణములు వేరు. అది పిరికిది కారాదు. టపాకాయ చప్పుడునకు పారిపోవు కుక్క యజమానిని నడివీథిలో విడిచిపెట్టును. అది కోపిష్ఠి కారాదు. సంతలో తొక్కినవాని కాలు కరచినచో యజమానికి తగవు వచ్చును. పిల్లిని చూచి పరుగెత్తరాదు, పడియున్న ఎముకకు ఆశపడరాదు. పని చేయుటయందు దానికే ఇష్టముండవలెను. ఎత్తు తగినదై, ఎముకలు గట్టివై, కండ్లు మంచివై యుండవలెను. మొదట జర్మన్ షెపర్డ్ జాతినే యెన్నుకొన్నను, తరువాత లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులును, వాని సంకరములును శాంతస్వభావముచేత ఎక్కువ వాడుకలోనికి వచ్చెను.

ఎన్నిక ఎంత ముఖ్యమో కాలిఫోర్నియాలోని సాన్ రఫేల్ శిక్షణాలయపు అనుభవము చెప్పును. 1940లలో అందు శిక్షణకు తీసికొన్న కుక్కలలో నూటికి 9 మాత్రమే పనికి వచ్చినవి. అనగా 91 కుక్కలపై పెట్టిన శ్రమయు ధనమును వ్యర్థము. క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ అను ఆయన, జంతువుల నడవడిని పరిశోధించు జాన్ పాల్ స్కాట్ మొదలగు శాస్త్రజ్ఞుల సాయముతో, పిల్లలుగ నున్నప్పుడే వానిని పరీక్షించు పద్ధతి నేర్పరచెను. వింత చప్పుడునకు, క్రొత్త మనుష్యునికి, తమవైపు దొర్లివచ్చు బండికి అవి ఎట్లు మెలగునో చూచిరి. విసరిన వస్తువును తెచ్చి యిచ్చుటకు ఉత్సాహము కలదా యని చూచిరి. మంచి సంతానము నిచ్చు జంటలనే పెంపకమునకు నిలిపిరి. దాదాపు పదేండ్లలో నూటికి 90 వరకు పనికి వచ్చునవి కాజొచ్చెను. ఈ పరిశోధనలలో తేలిన మరియొక ముఖ్యాంశము కలదు. పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు మనుష్యుల చేతిస్పర్శ ఎరుగని కుక్కపిల్ల పెద్దదైన పిదప మనుష్యుని పూర్తిగ నమ్మదు. పసితనపు ఆదరణము మనుష్యులకు వలెనే కుక్కలకును జీవితకాలపు పెట్టుబడి.

అందుచేత పిల్లలను శిక్షణాలయపు బోనులలో పెంచరు. ఏడెనిమిది వారముల వయస్సున ఒక గృహస్థుని ఇంట అప్పగింతురు. ఆ కుటుంబమువారు దానిని సుమారు ఒక యేడాది తమ బిడ్డవలె సాకి, అంగడికి, బస్సుకు, బడి ముంగిటికి తీసికొనిపోయి, లోకమును ఎరుక పరచి, తిరిగి అప్పగింతురు. ఇంత ప్రేమతో పెంచినదానిని విడిచిపెట్టుట కష్టమే. అత్తవారింటికి పంపు ఆడుబిడ్డను గూర్చి మన తల్లులు పడు బాధవంటిదే అదియు. జీతము లేక ఈ పని చేయు గృహస్థులు లేనిచో ఏ శిక్షణాలయమును నడువదు.

పిమ్మట శిక్షణ కొన్ని నెలలు సాగును. తిన్నగ నడచుట, కాలిబాట అంచున ఆగుట, మెట్టు కడ ఆగుట, గుంటను తప్పించుట నేర్పుదురు. అన్నిటికంటె కష్టమైనది మరియొకటి. కుక్క తన యెత్తునకు మాత్రమే గాక మనుష్యుని యెత్తునకు చూడ నేర్వవలెను. తాను దూరిపోగల కొమ్మక్రింద యజమాని తల తగులునని దానికి తెలియవలెను. తాను దూరగల సందున ఇరువురు పట్టరని తెలియవలెను. ఇక్కడ పెక్కుమందికి గల పొరపాటు నొకదానిని తీర్పవలసియున్నది. ‘ఆసుపత్రికి పద’మనగానే కుక్క తనంతట తాను తీసికొనిపోవునని అనుకొందురు. అట్లు కాదు. దారి తెలిసినవాడు మనుష్యుడు. ఎడమకు, కుడికి, ముందుకు అని ఆజ్ఞ యిచ్చువాడు మనుష్యుడు. ఎఱ్ఱదీపము పచ్చదీపము భేదము కుక్కకు చక్కగ తెలియదు. బండ్ల రాకపోకల చప్పుడు విని దాటు సమయమును నిర్ణయించువాడును మనుష్యుడే. అడ్డుల నడుమ క్షేమముగ నడపుట కుక్క పని.

శిక్షణలో కడపటి పాఠము ఆజ్ఞను మీరుట. యజమాని ‘ముందుకు’ అన్నను, ఎదుట బండి వచ్చుచున్నచో, గోయి యున్నచో కుక్క కదలరాదు. సేవకుడు ప్రభువు మాటను ఎప్పుడు కాదనవలెనో తెలిసికొనుటయే సేవాధర్మమునకు పరాకాష్ఠ. విదురుడు ధృతరాష్ట్రునికి ఎన్నిమార్లు ఇట్టి అడ్డు నిలిచెనో, ఆ అంధరాజు వినక ఎట్లు చెడెనో మనమెరుగుదుము. ఈ శునకము యజమానియైనచో వినవలసినదే. అది కదలనిదే ఆతడు కదలలేడు. శిక్షణ ముగిసిన పిదప మనుష్యుని నడక వేగమును, బలమును, ఇంటి పరిస్థితిని, స్వభావమును చూచి తగిన కుక్కను జతపరచి, ఇరువురికిని కలిపి కొన్ని వారములు నేర్పుదురు. అటుపై అది సుమారు ఎనిమిదేండ్లు పనిచేసి విశ్రమించును.

చూపులేనివారితోనే ఈ సేవ ఆగలేదు. 1970లనుండి అమెరికాలో వినికిడి లేనివారికి తలుపు చప్పుడును, బిడ్డ యేడ్పును, మంట హెచ్చరికను తట్టి తెలుపు కుక్కలను తయారుచేయుట ఆరంభమైనది. బ్రిటనులో 1982లో ఇట్టి సంస్థ వెలసెను. 1975లో బానీ బర్గిన్ అను వనిత కాలిఫోర్నియాలో చక్రాలకుర్చీలో కూర్చుండువారికి క్రింద పడిన వస్తువును అందించుటకు, తలుపు తెరచుటకు, దీపము వెలిగించుటకు కుక్కలకు నేర్పు సంస్థను స్థాపించెను. మధుమేహ రోగికి నెత్తుటిలో చక్కెర పడిపోవుచున్నప్పుడు వాసనచేత గుర్తించి హెచ్చరించు కుక్కలును ఇటీవలి కాలమున తయారగుచున్నవి.

ఇప్పుడు వాకిలి సంగతికి వత్తము. ఎన్నికయు శిక్షణయు ఎంత చక్కగ సాగినను, ‘కుక్కను వెలుపల విడిచి రమ్ము’ అని హోటలువాడును, రైలువాడును, ఇంటి యజమానియు అన్నచో అంతయు నిష్ఫలము. ఇంద్రుడు ధర్మరాజుతో అన్న మాటనే మారిస్ ఫ్రాంక్‌తో ఎందరో అనిరి. ధర్మరాజు చెప్పిన బదులే ఆతడును చెప్పి, ఊరూర తిరిగి వాదించెను. 1935 నాటికి అమెరికా రైళ్ళన్నిటను ఈ శునకములకు ప్రవేశము లభించినది. 1956 నాటికి అచ్చటి రాష్ట్రములన్నియు బహిరంగ స్థలములలో వానిని రానిచ్చు చట్టములు చేసినవి. 1990లో దేశమంతటికిని వికలాంగుల హక్కుల చట్టము వచ్చెను. జపానులో మొదటి కుక్క తయారైనది 1957లో. సేవాశునకములను బహిరంగ స్థలములలో రానిచ్చు చట్టము వచ్చినది 2002లో. 45 ఏండ్ల వ్యత్యాసము. కుక్కకు నేర్పుటకు నెలలు చాలినవి. మనుష్యులకు నేర్పుటకు దశాబ్దములు పట్టినవి. నా వ్యాసమున సారాంశమేమని అడిగినచో నేను చెప్పునది ఇదియే.

మన దేశపు సంగతి యేమి? నేర్పుటకు మనకు చేతగాదనుట సరికాదు. నెల్లూరు జిల్లా ఇంకను మద్రాసు రాష్ట్రమున నున్నప్పుడే, 1951లో, మద్రాసు పోలీసుశాఖవారు శునకదళమును ఏర్పరచిరి. మీరట్‌లో సైన్యమువారి శిక్షణాకేంద్రము కలదు. హైదరాబాదు చెంతనున్న మొయినాబాదులో పోలీసు శునకములకు శిక్షణ యిత్తురు. అంధులకు చేయూత నిచ్చు సంస్థలును లేకపోలేదు. యుద్ధమున చూపుపోయిన భారత సైనికులకై 1943లో డెహ్రాడూనులో వెలసిన ఆశ్రయమే క్రమముగ నేటి జాతీయ సంస్థగ పెరిగినది. భారతభాషలన్నిటికి ఒకే బ్రెయిలీ లిపి 1951లో కుదిరినది. తెలుగు అక్షరములును అందు వ్రేళ్ళతో చదువవచ్చును. దొంగను పట్టు కుక్కను తయారుచేసిన దేశము అంధుని నడపు కుక్కను విరివిగ తయారుచేయలేకపోవుటకు కారణము విద్యాలోపము కాదు.

కారణములు మన వీథులలో నున్నవి. గొలుసు లేని ఊరకుక్కల గుంపు ఈ పెంపుడు శునకముపై పడినచో అది యేమి చేయగలదు? కుక్కలకు గర్భనిరోధ శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయవలెనని నియమములు 2001లోను, మరల 2023లోను వచ్చినవి. అమలు ఊరూర ఒకేరీతిగ లేదు. కాలిబాట యున్నచోట దుకాణపు సామాను పరచియుండును. ఎండకాలమున తారురోడ్డు కుక్క పాదములను కాల్చును. ఆచారము పాటించు ఇండ్లలో కుక్కను లోనికి రానీయరు. పెద్ద కుక్కకు తిండి, వైద్యము భరించుట పేద కుటుంబమునకు సులభము కాదు. ఇవి యన్నియు నిజమే. అందుచేతనే పెక్కుమందికి ఇప్పటికిని తెల్లకర్రయే శరణ్యము. అదియు తక్కువది కాదు. 1944 ప్రాంతమున అమెరికా సైనిక వైద్యశాలలో రిచర్డ్ హూవర్ పొడుగైన కర్రతో నేలను ఇటునటు తడవుచు నడచు పద్ధతిని యేర్పరచెను. మనుమని భుజము అక్కరలేకుండ ఆ పద్ధతితో తిరుగువారు లోకమున అనేకులు. అయితే కర్రను చేతికిచ్చినంత మాత్రమున చాలదు. దానిని వాడుట నేర్పు గురువు కావలెను.

కుక్కకైనను కర్రకైనను కావలసిన త్రోవ ఒక్కటే యని గ్రహింపవలెను. కావున మన ఊరిలో మన చేతనగు పనులు కొన్ని గలవు. బస్సు ఆగు చోటినుండి పంచాయతీ కార్యాలయము వరకును, అచ్చటినుండి మన గ్రంథాలయము వరకును ఒక త్రోవను గుంటలు లేక, బండ్లు నిలుపక, కల్లపు కంప వేయక శుభ్రముగ నుంచవచ్చును. ఊరకుక్కలకు టీకాలు వేయించు పనిని పశువైద్యుల సాయముతో ఏటేట జరిపించుకొనవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, బహిరంగ భవనములు అందరికిని ప్రవేశయోగ్యముగ నుండవలెనని విధించినది. మన గ్రంథాలయపు మూడు మెట్ల ప్రక్కన ఒక వాలుదారి కట్టించుట ఆ చట్టము చెప్పినంత పనియే. తెల్లకర్రతో నడచుట నేర్పువారిని పిలిపించి, మన ఊరి చూపులేనివారికి కొన్ని దినములు నేర్పింపవచ్చును. గ్రంథములను చదివి వినిపించు ధ్వనిముద్రణలను బీరువాలో చేర్చవచ్చును. పట్టెడ వేసిన శునకము ఎప్పుడైన మన ఊరికి వచ్చినచో దానిని తాకరాదని, పిలువరాదని, తిండి పెట్టరాదని, అది పనిలో నున్నదని పిల్లలకు ముందే చెప్పియుంచవచ్చును.

మొదట చెప్పిన 48 దినముల లెక్క పాఠకులకు జ్ఞాపకముండును గదా. ఒక్క త్రోవ బాగుపడినచో అందు సగము దినములైనను ఆ బిడ్డకు బడిలో గడచును. తాత తన పింఛను తానే తెచ్చుకొని, దారిలో మన గ్రంథాలయమున ఒక గడియ కూర్చుండి భారతము విని పోగలడు. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఊరి అంధులు ఎవరి భుజమును అడుగక దీని గడప దాటి వత్తురుగాక యనియు, వారి వెంట శునకము వచ్చినచో దానికిని ఈ వాకిట అడ్డు లేకుండుగాక యనియు పరమేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాను.